పాత్రకు తెలియనిది షీటుకెక్కదు
(ఒక ఆటబృందం ప్రణాళిక)

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 'కర్స్ ఆఫ్ స్ట్రాడ్' (2016) ఆడబోతున్నామని తెలియగానే, ఆ వాంపైర్ కథ జరిగే బరోవియా పేరైనా వినని రేంజర్‌కు ఉన్నట్టుండి పిశాచాలు ఆగర్భశత్రువులైపోతాయి. రూల్‌బుక్ ప్రకారం ఇందులో తప్పేమీ లేదు. కాబట్టి కట్టుబాటు మేమే పెట్టుకుంటున్నాం.

1. లోకమంతటికీ తెలిసింది అందరిదీ. 'టూమ్ ఆఫ్ అనైహిలేషన్' (2017)లో చనిపోయినవాళ్లను మంత్రంతో బతికించడం కుదరదు. కథ మొదలయ్యేదే ఆ విపత్తుతో. అది చూసుకుని పాత్రను సిద్ధం చేసుకోవచ్చు. సమాధిలో ఏ గదిలో ఏ ఉచ్చుందో చూసుకుని మాత్రం కూడదు.

2. చెప్పాల్సింది డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) దాచకూడదు. రోజుల తరబడి అడవిలో తిరగాలని చెప్పకుండా నగరపు దొంగను తయారు చేయించడం అన్యాయం. అలా దెబ్బతిన్నవాళ్లే మరుసటిసారి దొంగచాటుగా పుస్తకం తిరగేస్తారు. పాత్‌ఫైండర్ అనే మరో ఆటలోని అడ్వెంచర్ పాత్‌లకు పైజో సంస్థ ప్లేయర్స్ గైడ్‌లు ఇస్తుంది: రహస్యం బయటపెట్టకుండానే, ఎలాంటి పాత్రలు నప్పుతాయో చెబుతాయవి. మా డీఎం కూడా అలాంటిది ఒక పేజీ రాసివ్వాలి.

3. ముందే చదివినవాళ్లు, నడిపినవాళ్లు పాత్ర మొదలుపెట్టకముందే ఆ సంగతి చెప్పాలి. చదవడం తప్పు కాదు, దాచడం తప్పు. వాళ్లకూ బల్ల దగ్గర చోటుంటుంది. రహస్యం విప్పే చోట మాత్రం నిర్ణయం మిగతావాళ్లకు వదిలేస్తారు.

4. "మా ఊరిని వాంపైర్లు నాశనం చేశాయి" అని గతాన్ని ఎవరైనా అల్లగలరు. అందుకే అనుమానం వస్తే ఒక్కటే అడుగుతాం: వేరే సాహసం ఆడుతున్నా ఈ పాత్రనే తెచ్చేవాళ్లా? తడుముకోకుండా అవునంటే నమ్ముతాం, ఆ మాట మళ్లీ ఎత్తం.

5. సాహసాన్ని మార్చే హక్కు డీఎంకు ఉంది. ట్రేసీ, లారా హిక్మన్ దంపతులు 1983లో రాసిన 'రేవెన్‌లాఫ్ట్'లోనే కీలక వస్తువులు ఎక్కడున్నాయో జోస్యపు ముక్కలు తేలుస్తాయి. పుస్తకం మొత్తం చదివినవాళ్లకూ ఈసారి అవి ఎక్కడున్నాయో తెలియదు. ఈ హక్కును చదివినవాళ్ల మీద కక్ష తీర్చుకోవడానికి వాడకూడదు.

బలమైన పాత్రలంటే మాకు విరోధం లేదు. కానీ ఎదురు కాబోయే ప్రతి గండానికీ ముందే మందు దగ్గర పెట్టుకొచ్చిన పాత్ర పక్కన కూర్చుంటే, మిగతావాళ్లు కష్టపడి ఆలోచించడానికి ఏమీ మిగలదు. కలిసి ఆలోచించడం కోసమే మేం వారంవారం కూడుతున్నాం. ఈ ఐదింటికీ సరేనన్నవాళ్లతోనే సెషన్ జీరో (ఆటకు ముందు జరిగే సన్నాహక సమావేశం) మొదలుపెడతాం.