ఆండీస్ కళను ఏ ప్రమాణముతో చదువవలెను?

విదేశీయకళలను గూర్చి వ్రాయునపుడు మనవారిలో రెండు దోషములు తఱచుగా కనబడుచుండును. ఒకటి, ఆ కళను వింతవస్తువుగా చూచి విడిచిపెట్టుట. రెండవది, దానిని మన సంస్కృతికి శాఖగా చెప్పి సంతోషించుట. దక్షిణ అమెరికాయందలి ఆండీస్ పర్వతప్రాంతపు ప్రాచీనకళ ఈ రెండింటికిని గుఱియైనది. ఇంకాలు సూర్యుని పూజించిరి కావున వారు భారతీయసంతతివారే యను వాదము అప్పుడప్పుడు వినవచ్చుచుండును. సూర్యోపాసన ఈజిప్టులోను జపానులోను గూడ కలదు. సాధ్యము లేనిచోటను ఉండు హేతువు అనైకాంతికమని తర్కసంగ్రహము చదివిన విద్యార్థి సైతము చెప్పగలడు. ఏ కళనైనను దానిని నిర్మించినవారి భావనలతోనే ముందుగా చదువవలెనని నా మతము.

ఆ భావనలు మనకు బొత్తిగా అందనివి కావు. స్పేనువారి రాకకు పూర్వము ఆండీస్ ప్రజలు గ్రంథరచన చేయలేదు. కిపు అను ముడుల త్రాళ్లతో లెక్కలు మొదలగునవి నిలుపుకొనిరి. అయినను సుమారు 1608లో పెరూదేశపు హువారొచిరి ప్రాంతకథలు కెచువాభాషలో లిఖితములయ్యెను. విగ్రహనిర్మూలనము సాగించిన ఫ్రాన్సిస్కో దె ఆవిలా యను క్రైస్తవాచార్యుని వ్రాతప్రతులలో నిలిచిన ఆ గ్రంథము నేడు మాడ్రిడ్ జాతీయగ్రంథాలయమున నున్నది. అందు “హువాకా” యనగా పూజ్యమైన శక్తిస్థానము. కొండయు, ఊటయు, శిలయు, పూర్వికుని దేహమును హువాకా కావచ్చును. “కామాయ్” యనగా వస్తువునకు ప్రాణబలమిచ్చి దానిని దానిగా నిలుపుట. ఈ గ్రంథము అర్వాచీనము. కావున ప్రాచీనశిల్పములకు దీనిని అన్వయించునపుడు ఆ శిల్పముల సాక్ష్యమును గూడ చూడవలెను.

పెరూలో సుమారు 3,180 మీటర్ల యెత్తున నున్న చావిన్ దె హువాంతర్ ఆలయము క్రీ.పూ. మొదటి సహస్రాబ్ది నాటిది. అందలి లాంజోన్ అను శిలామూర్తి సుమారు నాలుగున్నర మీటర్ల పొడవు గలది. కోరలు, సర్పములవంటి కేశములు, ఎత్తిన కుడిచేయి, దించిన యెడమచేయి దాని లక్షణములు. చీకటిసొరంగమున, ఇఱుకుదారుల కూడలియందు నిలిచిన ఆ మూర్తి చూచువానికి ఒక్కమారుగా పూర్తిగా కనబడదు. పదిమంది చూచుటకొఱకు గాక, అచట సన్నిహితమై యుండుటకొఱకు అది చెక్కబడినదని తోచును.

లోహవిద్యయందును ఇట్టి దృష్టియే కలదు. మోచే లోహకారులు ఒక పద్ధతిలో బంగారు, వెండి, రాగి కలిసిన మిశ్రలోహమును రేకుగా సాగగొట్టి, పలుమార్లు కాల్చి, పైభాగమందలి రాగిని తొలగించెడివారు. అప్పుడు లోపలి బంగారమే పైకి ప్రకాశించెడిది. వస్తువునకు పైన కనబడు గుణము లోపల గూడ నుండవలెనను విశ్వాసమే ఇట్టి పద్ధతులకు మూలమని లోహశాస్త్రపండితురాలు హెదర్ లెక్ట్‌మన్ 1984లో ప్రతిపాదించెను.

1987లో వాల్టర్ ఆల్వా బృందము సిపాన్‌లో త్రవ్విన ప్రభుసమాధియందు వేరుసెనగకాయల ఆకృతి గల హారము లభించినది. కుడివైపు కాయలు బంగారువి, ఎడమవైపువి వెండివి. రెండు సగములు కూడిననే పూర్ణమను భావమునకు కెచువాలో “యనంతిన్” అని పేరు. మన రాయలసీమ పొలములలో పండు వేరుసెనగకు పుట్టినిల్లు ఆ ఖండమే. ఆండీస్ ప్రజలకు మనము విద్య నేర్పితిమని చెప్పుకొనువారు ఈ ఋణమును గూడ స్మరించుట మంచిది.

1532లో కహమార్కాయందు బందీయైన ఇంకారాజు అతహువాల్పా విడుదలకై రాశిగా పోసిన బంగారు వెండి వస్తువులను స్పేనువారు 1533లో కరగించి కడ్డీలు చేసిరి. రాజును విడువలేదు, చంపిరి. వారికి లోహపు బరువు తెలిసినది గాని ఆ రూపముల యర్థము తెలియలేదు. మిగిలిన కళను మనము మన పురాణముల మూసలో పోసినచో, అదియు ఒక విధమైన కరగించుటయే యగును.

తులనాత్మకపరిశీలనము వలదని నా యభిప్రాయము కాదు. పూర్వపక్షమును యథాతథముగా నిలిపి, పిదప విచారించుట మన శాస్త్రములు నేర్పిన మర్యాద. ప్రతివాది యెదుట నున్నప్పుడే ఆ మర్యాద అంత యవసరమైనచో, బదులు చెప్పుటకు నేడు లేని ఆ ప్రాచీనశిల్పుల విషయమున అది మఱింత యవసరము. పరిశోధకవిద్యార్థులు ముందుగా కామాయ్, హువాకా, యనంతిన్ మొదలగు పదములను కెచువాసందర్భమున గ్రహించి, అటుపిమ్మట ప్రాణప్రతిష్ఠాదులతో పోల్చిచూడవలెను. సామ్యముతోపాటు భేదమును గూడ చెప్పగలిగినప్పుడే ఆ తులనము శాస్త్రమగును.