ఇంటర్ తర్వాత నాటకమా? ఆలస్యమేమీ కాదు!



మన వార్షికోత్సవ సంచికల్లో ఎంసెట్ ఎలా రాయాలి, గ్రూప్స్‌కి ఎలా చదవాలి, డీఎస్సీ ఎలా కొట్టాలి అని సీనియర్లు రాస్తూనే ఉన్నారు. అవి అవసరమే, కాదనను. నేను మాత్రం ఇంతవరకు ఎవరూ రాయని దారి గురించి నాలుగు మాటలు రాయాలనుకుంటున్నాను. అదే నటన. అదీ చిన్నప్పటి నుంచి కాదు, ఇంటర్ అయిపోయాక బుద్ధి పుట్టినవాళ్ళ సంగతి.

2003 సంవత్సరం. నేను ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఆ ఏడు వార్షికోత్సవానికి బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం వేయాలని మా ట్యూటర్ సార్ పట్టుపట్టారు. పాలేరు పని చేసే కుర్రవాడు చదువుకుని డిప్యూటీ కలెక్టర్ అయ్యే కథ అది. ఆ నాటకం చూసి బిడ్డల్ని బడికి పంపిన తల్లిదండ్రులు ఎంతోమంది ఉన్నారని సార్ చెప్పేవారు. ముఖ్య వేషం వేయాల్సిన కుర్రాడికి జ్వరం వస్తే నన్ను నిలబెట్టారు. దుప్పట్లే తెరలు, మెస్ బల్లలే స్టేజీ. నాటకం అయిపోయాక వంటమనిషి అవ్వ వచ్చి నా గడ్డం పట్టుకుని ఏడ్చింది. "నువ్వు కూడా కలెక్టరువి కావాలె బిడ్డా" అని అందరూ దీవించారు. నాకు మాత్రం ఆ రాత్రి కలెక్టర్ కావాలని అనిపించలేదు. ఆ వేషం మళ్ళీ వేయాలని అనిపించింది!

సెలవులకు ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. అమ్మ తిట్టలేదు. చాలాసేపు ఊరుకుని ఇలా అంది: "మీ తాత రాత్రంతా భాగోతంల రాజు వేషం కట్టిండు. తెల్లారితే దొర వాకిట్ల చెప్పులిడిసి నిలబడ్డడు. గా ఆటతోని మనకేం మిగిలింది బిడ్డా?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. దానికి జవాబు వెతుక్కోవటానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఈ వ్యాసం ఆ జవాబే అనుకోండి.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. అమ్మ చిట్టీ కట్టి దాచిన పదివేలు తీసుకుని హైదరాబాదులో ఒక 'యాక్టింగ్ కోచింగ్'లో చేరాను. మూడు నెలల కోర్సు అన్నారు. నాలుగు డ్యాన్సు స్టెప్పులు, రెండు సినిమా డైలాగులు, ఒక ఫోటో ఆల్బమ్. అంతే! "ఛాన్సు ఉంటే ఫోన్ చేస్తాం" అని పంపించారు. ఆ ఫోన్ ఇంతవరకు రాలేదు. అప్పుడు నా తొందరకు కారణం ఒక్కటే, 'ఇప్పటికే ఆలస్యమైపోయింది' అనే భయం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో పిల్లలు మాటలు రాకముందే స్టేజీ ఎక్కుతారు. పదిహేడేళ్ళు వచ్చాక మొదలుపెట్టిన నేను వాళ్ళను ఎప్పుడు అందుకోను అనుకున్నాను.

తమ్ముళ్ళూ, ఆ భయం అనవసరమని నాకు తర్వాత తెలిసింది. ఎందుకంటే పేరున్న నటనా విద్యాలయాలు అడిగేదే డిగ్రీ. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా 1959లో ఏర్పడింది. అక్కడి మూడేళ్ళ కోర్సుకు డిగ్రీ పాసై ఉండాలి, కొన్ని నాటకాల్లో పాల్గొన్న ఆధారాలు చూపించాలి. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో నటన కోర్సు కూడా డిగ్రీ తర్వాతే. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల ఎం.పి.ఎ. కూడా అంతే. అంటే ఇంటర్ అయిన మీకు ఇంకా మూడేళ్ళు చేతిలో ఉన్నట్టు! ఆ మూడేళ్ళు డిగ్రీ చదువుతూ, దొరికిన ప్రతి నాటకంలో వేషం వేస్తే మీరు ఆలస్యంగా వచ్చినవాళ్ళు కాదు, సరైన సమయానికి వచ్చినవాళ్ళే.

ఉదాహరణలు కావాలా? రజనీకాంత్ బెంగుళూరులో బస్సు కండక్టరుగా పనిచేసి, 1973లో మద్రాసు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరేనాటికి ఇరవై రెండేళ్ళు దాటాయి. చిరంజీవి కూడా డిగ్రీ అయ్యాకే అదే మద్రాసు వెళ్ళి శిక్షణ తీసుకున్నారు. బీహార్ పల్లెటూరి రైతు బిడ్డ పంకజ్ త్రిపాఠి పాట్నాలో హోటల్ వంటగదిలో పనిచేశారు. నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మొదట సీటు రాకపోయినా పట్టు వదలకుండా ప్రయత్నించి, 2004లో అక్కడి నుంచి బయటికి వచ్చారు. మనోజ్ బాజ్‌పాయ్‌కి ఎన్నిసార్లు రాసినా అక్కడ సీటే రాలేదు. అయినా ఢిల్లీ నాటకరంగంలోనే ఉండి పని నేర్చుకున్నారు.

అయితే ఈ పేర్లు చూసి మోసపోవద్దు. పేరు వచ్చినవాళ్ళు పిడికెడు మంది, రానివాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు. స్టార్ కావాలని వెళ్ళేవాడికి నేను వద్దనే చెబుతాను. పని నేర్చుకోవాలనుకునేవాడికే ఈ మాటలు.

నేను ఊరికి తిరిగి వచ్చి బి.ఎ.లో చేరాను. మళ్ళీ హాస్టలే ఆదుకుంది. మూడేళ్ళలో కాలేజీలో, నాటక పరిషత్తుల్లో, ఊళ్ళ జాతరల్లో కలిపి తొమ్మిది నాటకాలు వేశాను. తర్వాత ప్రవేశ పరీక్ష రాసి రంగస్థల కళల పీజీలో సీటు తెచ్చుకున్నాను. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఇంజనీరింగుకే కాదు, నాటకం చదువుకీ వస్తుందని చాలామందికి తెలియదు. ఢిల్లీ స్కూల్లో రిజర్వేషన్లు ఉన్నాయి, చేరిన విద్యార్థులకు నెలనెలా స్కాలర్‌షిప్ కూడా ఇస్తారు.

అక్కడ ఏం నేర్పుతారని అడుగుతారు. నటన అంటే అద్దం ముందు డైలాగు చెప్పటం అనుకుని వెళ్ళాను. మొదటి నెలంతా నిలబడటం, నడవటం, ఊపిరి తీసుకోవటమే నేర్పారు. ఆ తర్వాతే గొంతు, మాట, వేషం, లైటింగు, సెట్టు, నాట్యశాస్త్రం, కన్యాశుల్కం, షేక్స్‌పియర్. ఒకరోజు క్లాసులో మా మాస్టారు నన్ను ఆపి, "పాలేరు వేషంలో వంగి నిలబడ్డావు, బాగుంది. మరి వేషం తీసేశాక కూడా అలాగే నిలబడతావేం?" అని అడిగారు. నేను బిత్తరపోయాను. నిజమే! భుజాలు ముందుకు వంచి, చేతులు కట్టుకుని, తల దించుకుని నిలబడటం నాకు అలవాటు. అది నాటకంలో నేర్చుకున్నది కాదు, తాత నుంచి వచ్చింది. ఆ వంపు పోవటానికి ఏడాది పట్టింది. మూడు నెలల కోచింగ్‌లో అది పోదు. అందుకే ఏళ్ళ తరబడి చదువు కావాలి.

ఇప్పుడు అమ్మ అడిగినదానికి జవాబు చెబుతాను. చిందు భాగోతం మన వాడల కళ. చిందు ఎల్లమ్మ వంటి గొప్ప కళాకారిణి మనవాళ్ళలోనే పుట్టింది. కళలో లోపం లేదు. తాత ఆడినందుకు గింజలు దొరికాయి గాని గౌరవం దొరకలేదు. అది ఆట తప్పు కాదు, చూసినవాళ్ళ తప్పు. అదే కళను మనం డిగ్రీతో, పీజీతో, జీతంతో చేసినప్పుడు తెల్లారాక కూడా చెప్పులు వేసుకునే నడుస్తాం. నేను ఈరోజు ఒక బడిలో డ్రామా మాస్టారుని. జీతం పెద్దది కాదు, కానీ ఒకటో తారీఖున వస్తుంది. సాయంత్రాలు నాటకాలు వేస్తాను, అప్పుడప్పుడు సీరియళ్ళలో చిన్న వేషాలు. స్టార్‌ని కాలేదు. అమ్మ చిట్టీ డబ్బులు మాత్రం తీర్చాను. మొన్న మా బడి పిల్లల నాటకానికి అమ్మను తీసుకెళ్ళాను. ముందు వరుసలో కుర్చీ వేశారు. "గింత ముందల కూసుంటె ఎవరన్న ఏమన్న అంటరేమో" అని రెండుసార్లు అడిగింది. నాటకం మొదలయ్యాక ఇక అడగలేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఆలస్యంగా కోరిక పుట్టటం తప్పు కాదు, ఆలస్యమైపోయిందని కంగారుపడటమే తప్పు. డిగ్రీ మానవద్దు. ఇంట్లో అప్పు చేయించవద్దు. సినిమా ఛాన్సు ఇప్పిస్తామనే వాళ్ళకు పైసా ఇవ్వవద్దు. మీరు వేసిన ప్రతి నాటకం కరపత్రం, ఫోటో, సర్టిఫికెట్ ట్రంకు పెట్టెలో దాచుకోండి. రేపు అవే అడుగుతారు. హిందీ, ఇంగ్లీషు పేపర్లు గట్టిగా చదవండి, గొంతు తెరుచుకుంటుంది.

వార్డెన్ గారికీ, ట్యూటర్లకూ ఒక విన్నపం. ఏడాదికి ఒక్కరోజు కాకుండా నెలకొక నాటకం చదివించండి. ఎంసెట్ పుస్తకాల పక్కన పది నాటకాల పుస్తకాలు పెట్టించండి. వందమందిలో తొంభై తొమ్మిది మంది కలెక్టర్లూ డాక్టర్లూ కావాలని కోరుకుందాం. ఆ మిగిలిన ఒక్కడు తెర చాటున నిలబడి భయపడుతుంటే, 'ఇంకా ఆలస్యం కాలేదు, పద' అని చెప్పేవాళ్ళు మన హాస్టల్లో ఒకరుండాలి.


మీ పూర్వ విద్యార్థి