హలో, అన్న ఉన్నారా?

టెన్త్ పరీక్షలు అయిపోయిన వారం అది. ఫ్రెండ్ వాళ్ల డాబా మీద నలుగురం కూర్చున్నాం. వాట్సాప్‌లో ఒక నంబర్ తిరుగుతోంది, ఫలానా హీరోగారి పర్సనల్ నంబర్ అని. హీరో పేరు రాయను, ఫ్యాన్ వార్ నాకెందుకు. స్పీకర్ ఆన్ చేసి నేనే కొట్టాను. డైలాగ్ కూడా రెడీ: నేను ప్రొడ్యూసర్‌ని, అడ్వాన్స్ ఎక్కడికి తెమ్మంటారు అని.

రెండో రింగుకే ఎత్తారు. "చెప్పండి సార్, టెంట్ హౌస్."

గొంతు లావు చేసి, అన్న ఉన్నారా అన్నాను. ఆయన కాసేపు ఆగి, "పొద్దున్నుంచి ఇదే గొడవ బాబూ. ఇది ఆయన నంబర్ కాదు. పెళ్లిళ్ల సీజను, ఆర్డర్లొచ్చే టైము. పెట్టెయ్యండి" అన్నాడు. తిట్టలేదు. మేం పడీ పడీ నవ్వాం. హీరోయే గొంతు మార్చి తప్పించుకుంటున్నాడని ఒకడు థియరీ చెప్పాడు. ఇంకో ఫోన్ నుంచి మళ్లీ చేశాం. మళ్లీ అదే మాట, "చెప్పండి సార్, టెంట్ హౌస్." మూడోసారీ అంతే.

అప్పుడు మాకు కామెడీ అనిపించింది ఆ మాటే. ఇప్పుడు గుచ్చుకునేదీ అదే. తెలియని నంబర్ వస్తే మనం కట్ చేస్తాం. ఆయన చెయ్యలేడు, తెలియని నంబరే ఆయనకి బేరం. నంబర్ మార్చుకోనూ లేడు. అద్దెకిచ్చే ప్రతి కుర్చీ వీపు మీదా అదే నంబర్ పెయింట్ చేసి ఉంటుంది కదా.

2024 దీపావళికి వచ్చిన 'అమరన్' సినిమా సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందులో సాయిపల్లవి పాత్ర ఒక కాగితం మీద రాసిచ్చిన ఫోన్ నంబర్ తెర మీద కనిపించింది. అది నిజానికి చెన్నైలో ఒక ఇంజనీరింగ్ స్టూడెంట్‌ది. సాయిపల్లవితో మాట్లాడాలంటూ కాల్సే కాల్స్. చివరికి అతను 1 కోటి 10 లక్షలు పరిహారం అడుగుతూ లీగల్ నోటీసు పంపాడు. తర్వాత సినిమాలో ఆ నంబర్ కనబడకుండా చేశారు. ఆ వార్త కింద నవ్విన ఎమోజీలే ఎక్కువ చూశాను నేను. నంబర్ మార్చుకోవచ్చుగా, కోటి రూపాయలేంటి అని. మార్చుకోవడం అంత ఈజీనా? ఆధార్, బ్యాంకు, ఓటీపీలు అన్నీ దాని మీదే. మన ప్లేస్‌మెంట్ ఫారంలో ఇచ్చిన నంబర్ మధ్యలో మార్చమంటే మనం మారుస్తామా?

ఒకవేళ ఆ నంబర్ ఒకప్పుడు నిజంగా హీరోదే అనుకుందాం. గొడవ భరించలేక ఆయన వదిలేస్తాడు. మన దేశంలో వాడకం ఆపేసిన నంబర్‌ని కనీసం 90 రోజుల తర్వాత వేరేవాళ్లకి ఇచ్చేయొచ్చు. సిమ్ కొత్తది, కాల్స్ మాత్రం పాతవాళ్లవే. రెండు నిమిషాల సరదాకి ఇంత క్లాసా అంటారు. రెండు నిమిషాలు మనకి. అటువైపు ఆయనకి మాలాంటి బ్యాచ్‌లు ఎన్నో! పైగా నిజంగా హీరోయే ఎత్తుంటే మాత్రం? ఆయనకీ అది విసుగే.

మొన్న మా సెక్షన్ గ్రూపులో ఒక హీరోయిన్ నంబర్ పడింది. డిలీట్ చేయమని అడ్మిన్‌కి మెసేజ్ పెట్టాను. "లైట్ తీస్కో మామా, ఆల్రెడీ ఇద్దరు చేశారు, ఎవరో ముసలావిడ ఎత్తిందంట" అన్నాడు.