పనిలేని ప్రయాణం కూడా హక్కే

తిరిగి ఆడది చెడింది, తిరక్క మగవాడు చెడ్డాడు అని మనకో సామెత ఉంది. ఈ ఒక్క మాట ఎందరు ఆడపిల్లల కాళ్ళకు బంధం వేసిందో లెక్కలేదు. సామెత పాతదే గాని దాని పని ఇంకా అయిపోలేదు. 2023 డిసెంబరు 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలై, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో బాలికలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉచిత ప్రయాణం వచ్చింది. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో అదే సౌకర్యం వచ్చింది. రెండుచోట్లా వినిపించిన మొదటి విమర్శ ఖజానా గురించి కాదు. "పనీపాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు" అన్నదే. బస్సుల్లో కూర్చుని వెల్లుల్లి ఒలుచుకుంటున్నారని 2024లో రాజకీయ నాయకుల దాకా వెటకారాలు వచ్చాయి. నిజంగానే ఎవరైనా ఒలిచి ఉంటే, అది నవ్వాల్సిన సంగతి కాదు. ఇంటిపని ఆమెను బస్సులో కూడా వదల్లేదన్న మాట.

ఈ విమర్శకు మన సంఘాలు ఇచ్చిన జవాబును కూడా ఒకసారి చూసుకోవాలి. "ఆడవాళ్ళు ఊరికే తిరగడం లేదు, కూలికి వెళ్తున్నారు, ఆసుపత్రికి వెళ్తున్నారు, కాలేజీకి వెళ్తున్నారు" అని మనం చెప్తున్నాం. అది నిజమే, చెప్పాల్సిందే. కానీ అక్కడితో ఆగితే, పని ఉంటేనే స్త్రీ గడప దాటాలన్న నియమాన్ని మనమూ ఒప్పుకున్నట్టు అవుతుంది. ఏ పనీ లేకుండా, ఒక కొండ చూడటానికో, నీళ్ళ ఒడ్డున కూర్చోవటానికో పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి వచ్చే ప్రయాణం కూడా హక్కే అని ఈ సంచికలో మేము చెప్పదలుచుకున్నాం.

ఇది మేము కొత్తగా కనిపెట్టింది కాదు. 1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన 24వ అధికరణం ప్రతి మనిషికీ విశ్రాంతి, తీరిక హక్కుగా చెప్పింది. స్త్రీల పట్ల అన్నిరకాల వివక్షల నిర్మూలన ఒడంబడిక 1979లో వచ్చింది. మన దేశం దాన్ని 1993లో ఆమోదించింది. అందులో 13వ అధికరణం వినోద కార్యక్రమాల్లో, క్రీడల్లో, సాంస్కృతిక జీవితంలో పాల్గొనే హక్కును ప్రస్తావిస్తుంది. 14వ అధికరణం గ్రామీణ స్త్రీలకు ఉండాల్సిన సౌకర్యాల్లో నీరు, పారిశుధ్యంతో పాటు రవాణాను కూడా చేర్చింది. దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కు మన రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. కాగితం మీద మనకు కొదవ లేదు. కొదవంతా ఆదివారం పొద్దున కనిపిస్తుంది.

ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. అదే పని చేసే మగవాళ్ళు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. అంటే స్త్రీకి దాదాపు అయిదు గంటలు. ఈ అయిదు గంటలకు వారాంతపు సెలవు లేదు. పైగా ఆదివారమైతే అందరూ ఇంట్లోనే ఉంటారు కాబట్టి పని పెరుగుతుంది. బస్సు టికెట్ సున్నా అయినంత మాత్రాన ఈ నిమిషాలు సున్నా కావు.

మన ఆడవాళ్ళు ప్రయాణాలు చేయలేదా అంటే, చేశారు. పురుడుకు వెళ్ళారు, చావుకు వెళ్ళారు, పెళ్ళికి వెళ్ళారు, మొక్కు తీర్చుకోవటానికి వెళ్ళారు. దేవుడి పేరు చెప్తే ఇంట్లో ఒప్పుకుంటారు. హైదరాబాద్ నుంచి యాదగిరిగుట్టకు వెళ్తామంటే ఏ అత్తగారూ అడ్డుచెప్పదు. కానీ గుట్టకు వెళ్ళే దారిలోనే, హైదరాబాద్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో భువనగిరి ఉంది. ఒకే బండరాయి మీద కట్టిన కోట. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరుతో వచ్చిన ఊరు. ఆ రాయి ఎక్కి పైనుంచి ఊళ్ళూ చెరువులూ చూసి వస్తామంటే మాత్రం "అక్కడేం పని?" అంటారు. గుట్టకు వందలమంది స్త్రీలను తీసుకెళ్ళే బస్సు భువనగిరి మీదుగానే వెళ్తుంది. అక్కడ దిగి కోట ఎక్కినవాళ్ళు వాళ్ళలో ఎంతమంది? భక్తితో వెళ్ళేవారిని మేము తప్పు పట్టడం లేదు. ప్రయాణానికి భక్తి ఒక్కటే అనుమతిపత్రం కాకూడదంటున్నాం.

ఇక పని మాటకొద్దాం. ఇలాంటి ప్రయాణం కారు ఉన్నవాళ్ళకే అనుకోవడం పొరపాటు. ఆర్టీసీ బస్సు మీద ఆధారపడి ఒక్కరోజులో వెళ్ళి రాగలిగిన చోట్లు హైదరాబాద్ చుట్టూ చాలా ఉన్నాయి. ఒక ఉదాహరణ అనంతగిరి. నగరానికి సుమారు 80 కిలోమీటర్లు. మెహిదీపట్నంలో వికారాబాద్ బస్సు ఎక్కాలి. చేవెళ్ళ దారిలో పాతకాలపు మర్రిచెట్లు రోడ్డుకు అటూఇటూ ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయటానికి వాటిని కొట్టెయ్యకూడదని కొందరు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళి పోరాడారు. కిటికీ పక్క సీటు దొరికితే అక్కడినుంచే ప్రయాణం మొదలైనట్టు. వికారాబాద్‌లో దిగితే అడవికొండలు ఆరు కిలోమీటర్లు; తాండూరు వైపు వెళ్ళే బస్సుగాని ఆటోగాని ఎక్కాలి. మూసీ నది పుట్టింది అక్కడే. హైదరాబాద్‌లో మూసీ ఒడ్డు బస్తీల్లో పుట్టి పెరిగి, ఆ నదిని మురికికాలవగా తప్ప ఎరగని ఆడపిల్లలు వేలల్లో ఉన్నారు. 1908 వరదలో నగరాన్ని ముంచింది, ఆ తర్వాత 1920లో గండిపేట జలాశయంగా నిలిచింది ఈ నదే. అది పుట్టిన చోటు చూసి రావటం ఆ పిల్లలకు ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వని పాఠం. బస్సుకు టికెట్ లేదు. ఆటోకు, టీకి డబ్బులుంటే చాలు. అన్నం ఇంటినుంచి కట్టుకుపోవచ్చు.

ఇలా బయలుదేరేవారు మనసులో పెట్టుకోవాల్సిన మొదటి సూత్రం, ప్రయాణాన్ని వెనకనుంచి లెక్కవేయాలి. వెళ్ళే బస్సు ఎప్పుడని కాదు, తిరిగి వచ్చే చివరి బస్సు ఎప్పుడని ముందు అడగాలి. దానికంటే ముందటి బస్సును మన బస్సు అనుకోవాలి. అప్పుడు అది తప్పినా ఇంకొకటి మిగిలి ఉంటుంది. రెండోది, ఏ వైపు బస్సు నగరంలో ఎక్కడ దొరుకుతుందో తెలియాలి. భువనగిరి, వరంగల్ వైపు ఉప్పల్‌లో ఎక్కవచ్చు. మెదక్, కరీంనగర్ వైపు జూబ్లీ బస్‌స్టేషన్‌లో. సాగర్ వైపు ఎల్.బి.నగర్‌లో. అందరూ ఇమ్లీబన్ దాకా వెళ్ళి రావాల్సిన పనిలేదు. మూడోది, బస్సు రకం చూసుకోవాలి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ దాటితే టికెట్ కొనాలి. ఆధార్ వంటి గుర్తింపుకార్డు చేతిలో ఉండాలి. రాష్ట్ర సరిహద్దు దాటిన దూరానికి డబ్బు కట్టాలి.

మెదక్ సుమారు 100 కిలోమీటర్లు. కరువుకాలంలో జనానికి పనీ తిండీ ఇస్తూ కట్టిన పెద్ద చర్చి అక్కడ ఉంది. 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. నాగార్జునసాగర్ 150 కిలోమీటర్లు, కాబట్టి చీకటితోనే బయలుదేరాలి. లాంచీ నడిచే వేళలు ముందే కనుక్కుని వెళ్తే నాగార్జునకొండ దీవి మీది మ్యూజియం చూడవచ్చు. ఇక్ష్వాకుల కాలంలో ఆ లోయలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించింది రాచకుటుంబపు స్త్రీ శాంతిశ్రీ. రాచకుటుంబానికి చెందని బోధిశ్రీ అనే ఉపాసిక సింహళం నుంచి వచ్చిన భిక్షువులకు చైత్యగృహం కట్టించి, ఇంకా ఎన్ని ఊళ్ళలో ఏమేమి కట్టించిందో శాసనంలో వరసగా చెక్కించింది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఒక స్త్రీకి అన్ని ఊళ్ళతో సంబంధం ఉంది. ఆంధ్రలోని పాఠకులకు కూడా దగ్గరి దారులున్నాయి. విజయవాడ నుంచి ఉండవల్లి గుహలు, కొండపల్లి కోట ఒక పూటలో చూసి రావచ్చు. విశాఖ నుంచి సముద్రం వెంబడే బస్సులో భీమిలి వెళ్ళవచ్చు.

అయితే దారి తెలిసినంత మాత్రాన ఆడవాళ్ళు బయలుదేరలేరు. అడ్డంకులు ఎక్కడున్నాయో సూటిగా చెప్పుకోవాలి.

మొదటిది మరుగుదొడ్డి. ప్రయాణం ఉందంటే మన ఆడవాళ్ళు పొద్దుటినుంచీ నీళ్ళు తాగడం మానేస్తారు. బస్‌స్టాండులో మరుగుదొడ్డి ఉంటే నీళ్ళుండవు, నీళ్ళుంటే తలుపుకు గడియ ఉండదు. ముంబయిలో మగవాళ్ళ మూత్రశాలలు ఉచితంగా ఉంచి ఆడవాళ్ళ దగ్గర డబ్బు వసూలు చేయటం మీద 2011లో మహిళలు ఉద్యమమే నడిపారు. కొండల దగ్గర, కోటల దగ్గర అసలు ఏదీ లేని చోట్లు ఎన్నో. అక్కడ అయిదారు గంటలు గడపమని ఏ స్త్రీకైనా ఎలా చెప్పగలం?

రెండోది తిరుగు బస్సు. సెలవురోజుల్లో పెరిగే రద్దీకి తగ్గట్టు బస్సులు పెరగడం లేదు. దిగిన చోట తిరుగు బస్సుల వేళలు రాసిన బోర్డు కనిపించదు. చెట్టుకింద నిలబడి, వస్తుందో రాదో తెలియని బస్సు కోసం చూసిన స్త్రీ మళ్ళీ ఆ వైపు రాదు. ఇక్కడ ఒక చేదు సంగతి గుర్తు చేసుకోవాలి. 2012 డిసెంబరు 16న ఢిల్లీలో ఆ యువతి స్నేహితుడితో సినిమా చూసి ఇంటికి పోతోంది. ఇంటిదాకా వెళ్ళే వాహనం దొరక్క, బస్‌స్టాపులో నిలబడి, వచ్చిన ప్రైవేటు బస్సు ఎక్కారు. ఆ తర్వాత దేశమంతా "ఆ వేళప్పుడు బయటెందుకు తిరగాలి" అని అడిగినవాళ్ళున్నారు. ఆ వేళకు ప్రభుత్వ బస్సు ఎందుకు లేదని అడిగినవాళ్ళు తక్కువ. భద్రత పేరుతో స్త్రీని ఇంట్లో కూర్చోబెట్టడం తేలిక. దీపం వెలిగే బస్‌స్టాపు, వేళకు వచ్చే బస్సు, అందులో మరో నలుగురు ఆడవాళ్ళు ఉండేలా చూడటం కష్టం. మనం అడగాల్సింది ఆ కష్టమైనదాన్నే. రోడ్ల మీద స్త్రీలు ఎక్కువమంది కనిపించినకొద్దీ ప్రతి ఒక్కరికీ భయం కొంత తగ్గుతుంది.

మూడోది ఆధార్ మీది చిరునామా. హైదరాబాద్‌లో ఇళ్ళు కట్టే కూలీల్లో, ఇళ్ళలో పనిచేసే వారిలో ఒడిశా, బీహార్, ఆంధ్ర నుంచి వచ్చినవాళ్ళు ఎందరో. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉన్నా చిరునామా మారనందువల్ల వాళ్ళకు జీరో టికెట్ లేదు. అందరికంటే తక్కువ తీరిక, తక్కువ డబ్బు ఉన్నది వాళ్ళకే. ఎత్తు మెట్ల బస్సు ఎక్కలేని వికలాంగులు, వృద్ధులు కూడా ఈ హక్కు బయటే ఉన్నారు.

అందుకే మా డిమాండ్లు ఇవి. సెలవురోజుల్లో నగరం నుంచి ఇలాంటి చోట్లకు ఎక్స్‌ప్రెస్ బస్సులు పెంచి, ఉచిత ప్రయాణం వాటిలో వర్తింపజేయాలి. ప్రతి చోటా తిరుగు బస్సుల వేళలు తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయాలి. నీళ్ళు, గడియ, దీపం ఉన్న మరుగుదొడ్లు ఉచితంగా ఉండాలి. ఇక్కడ నివసిస్తున్నట్టు చూపే ఏ ఆధారాన్నయినా అంగీకరించాలి. ఎత్తు తక్కువ మెట్ల బస్సులు పెంచాలి.

ప్రభుత్వాన్ని అడిగేవి ఇవైతే, ఇంట్లో అడగాల్సింది ఒకటుంది. నెలకు ఒక్క ఆదివారం వంట, పిల్లలు, ముసలివాళ్ళ బాధ్యత ఇంట్లో మగవాళ్ళు తీసుకోవాలి. "వండిపెట్టి వెళ్ళు" అన్న అనుమతి అనుమతి కాదు. ముందురోజు రాత్రి పన్నెండు దాకా వండి, పొద్దున నాలుగింటికి లేచి బయలుదేరితే ఆ స్త్రీ బస్సులో నిద్రపోతుందే తప్ప ఏం చూస్తుంది?

ఒంటరిగా వెళ్ళగలిగినవారు వెళ్ళండి. వెళ్ళలేనివారు వీధిలో అయిదుగురు, సంఘంలో పదిమంది కలిసి వెళ్ళండి. పనిమనిషిని, పక్కింటి విధవరాలిని, బడి మానేసిన పిల్లను కలుపుకోండి. ఉపన్యాసాలు అక్కర్లేదు, చందాలు అక్కర్లేదు. ఏ బస్సు ఎక్కారో, ఎన్ని గంటలు ఎదురుచూశారో, మరుగుదొడ్డి ఎలా ఉందో, తిరుగు బస్సు ఎన్నింటికి వచ్చిందో ఒక కాగితం మీద రాసి మాకు పంపండి. వచ్చే సంచికలో వాటిని అచ్చువేస్తాం. అవే పట్టుకుని డిపో మేనేజర్ల దగ్గరికి వెళ్తాం. ఏం చూశారో కూడా రెండు వాక్యాలు రాయండి. అది ఏ అధికారికీ ఇవ్వటానికి కాదు, చదివిన ఇంకొక స్త్రీకి బయలుదేరాలనిపించటానికి.