చందవోలును మరిచిన వ్యాసం

సంపాదకులకు,

మధ్యయుగ తత్వవేత్తల మీద మీ గత సంచికలో వచ్చిన వ్యాసం పారిస్, బాగ్దాద్ చుట్టూ తిరిగి, తెలుగునేల మీద భక్తి తప్ప వాదం లేదని ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఇది తప్పు.

12వ శతాబ్దంలో మల్లికార్జున పండితారాధ్యుడు 'శివతత్త్వసారము' రాశాడు. అందులో స్తుతి ఉంది, కానీ దానితోపాటే అద్వైతాన్ని నిలదీసే ఖండన కూడా ఉంది. అదీ సంస్కృతంలో కాదు, తెలుగు కందాల్లో. ఆయన బౌద్ధులతో వాదానికి దిగింది మా జిల్లాలోని చందవోలులోనేనని కవి పాల్కురికి సోమనాథుడు చెబుతాడు. ఆ వాదం నెత్తుటితో ముగిసిందనీ సోమనాథుడే రాశాడు. ఆ చేదునూ దాచకుండా చెప్పాల్సిందే.

ఇక మల్కాపురం శాసనం సంగతి. అది 1261 నాటిది, రుద్రమదేవి కాలం. అప్పటికి ఇటలీలో తత్వవేత్త థామస్ అక్వినాస్ బతికే ఉన్నాడు. కృష్ణ ఒడ్డున మందడంలో విశ్వేశ్వర శివాచార్యుల మఠానికి ఇచ్చిన దానాల వివరాలు అందులో ఉన్నాయి. వేదాలకు ముగ్గురు అధ్యాపకులు. తర్కం, సాహిత్యం, ఆగమాలు చెప్పడానికి మరో ఐదుగురు. పక్కనే ప్రసూతిశాల, ఆరోగ్యశాల. తర్కం చెప్పడానికి జీతమిచ్చి గురువులను పెట్టుకున్న చోట వాదం లేదని ఎలా రాస్తారు? వచ్చే సంచికలో సవరణ వేయండి.

— ఒక చేనేత కార్మికుడు, పేరాల, బాపట్ల జిల్లా