ఇల్లు సర్దితే సరిపోతుందా?

ఇల్లు సర్దుకోవడం మన ఇళ్లలో కొత్త విద్యేమీ కాదు. రంజాన్ నెల దగ్గర పడుతోందంటే అటక మీది సామాను దించడం, గోడలకు సున్నం వేయడం, ట్రంకు పెట్టెల్లోని బట్టలు ఎండలో ఆరేయడం మన పెద్దలకు అలవాటే. ఇప్పుడు అదే పని ఒక పద్ధతిగా ప్రపంచమంతా ప్రచారమైంది. జపాన్‌కు చెందిన మారీ కోండో రాసిన పుస్తకం 2010 చివర్లో అక్కడ వెలువడింది. 2014లో ఇంగ్లీషులోకి వచ్చింది, 2019లో నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమమైంది. సెల్‌ఫోన్ల పుణ్యమా అని ఆ మాట నంద్యాల, ఆళ్లగడ్డ ఇళ్లలోనూ వినబడుతోంది. ఇందులో మనం తీసుకోదగినది ఏమిటి, వదలదగినది ఏమిటి?

ఆమె చెప్పే పద్ధతి సులభమైనదే. గదుల వారీగా కాక వస్తువుల రకాన్ని బట్టి సర్దాలి. ముందు బట్టలు, తర్వాత పుస్తకాలు, కాగితాలు, ఆపైన వంటింటి సామాను వంటి చిల్లర వస్తువులు, చివరగా జ్ఞాపకాలతో ముడిపడినవి. ఇంట్లోని బట్టలన్నీ ఒకచోట కుప్ప పోసి, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, 'ఇది నాకు ఆనందం ఇస్తోందా?' అని మనసును అడగాలి. ఇస్తే ఉంచుకోవాలి. లేకుంటే ఆ వస్తువుకు కృతజ్ఞత చెప్పి వదిలేయాలి.

ఈ కుప్ప పోయడంలో గొప్ప మేలుంది. కట్టుకోవడానికి ఏమీ లేదనుకునే వారికి తమ దగ్గర ఎంత పోగుపడిందో ఒక్కసారిగా కళ్లకు కడుతుంది. ఎక్కువ కూడబెట్టాలన్న పోటీ మనిషిని సమాధి దాకా ఏమరుపాటులో ఉంచుతుందని దివ్య ఖురాన్ తకాసుర్ సూరాలో హెచ్చరించింది. భర్తకొక పడక, భార్యకొకటి, అతిథికొకటి చాలని, నాలుగోది షైతానుదని దైవప్రవక్త (స) బోధించారు. ఇతరుల వస్తువులను వారికి తెలియకుండా పారేయరాదని కోండో కూడా చెబుతుంది. అత్తగారి పెట్టె కోడలికి, కోడలి పెట్టె అత్తగారికి అమానతే కదా.

మన ప్రాంతంలో ఈ అవసరం పెరిగిందన్నదీ నిజమే. పాత మిద్దెల్లో గోడ గూళ్లు, అటకలు, వసారాలు ఉండేవి. పిల్లల చదువుల కోసం ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు వచ్చి రెండు గదుల అద్దె ఇంట్లో సర్దుకునే కుటుంబానికి ఆ సామాను ఎక్కడ పడుతుంది? ఎంతో కొంత వదులుకోక తప్పదు. అయితే దేన్ని వదలాలో తేల్చే ప్రశ్న దగ్గరే మనం ఆగి ఆలోచించాలి.

మూలనున్న పెద్ద డేగిసా ఎవరికీ రోజూ ఆనందమివ్వదు. అదనపు చాపలూ అంతే. కానీ పక్కింట్లో నిఖా జరిగినా, జనాజా లేచినా ముందు గుర్తొచ్చేది అవే. నిత్యావసర వస్తువులను ఇరుగుపొరుగుకు ఇవ్వడానికి కూడా మనసొప్పని వారిని దివ్య ఖురాన్ మాఊన్ సూరాలో గట్టిగా మందలించింది. ప్రతి ఇల్లూ తన డేగిసాను వదిలించుకుంటే, పేదవాడు పది మందికి వండాలన్నా అద్దె కట్టవలసిందే.

కాగితాల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. దాదాపు అన్నీ పారేయాలన్నదే ఆమె సూత్రం. మనం నిఖానామా, పొలం పత్రాలు, పిల్లల సర్టిఫికెట్లు, మసీదుకో ఖబ్రస్తాన్‌కో సంబంధించిన వక్ఫ్ కాగితాలు వెలిసిపోయినా సరే భద్రపరచాలి. చిరిగిన ఖురాన్ పుటలు, అల్లాహ్ నామమున్న కాగితాలు పాత పేపర్లతో కలిసి తూకానికి పోకూడదు. వాటిని మసీదుకు అప్పగించడమో, శుభ్రమైన చోట పాతిపెట్టడమో చేయాలి. ఇక కృతజ్ఞత మాటకొస్తే, చొక్కా మేలు చేసిందని చొక్కాకు కాదు, దాన్ని ప్రసాదించిన అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకోవడం మన రీతి.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటుంది. వదిలేసిన వస్తువు ఎక్కడికి పోతుంది? మన ఇళ్లలో పాత చీర బొంత అయ్యేది, బొంత చిరిగితే మసిగుడ్డ అయ్యేది. పరుపులోని దూదిని దూదేకుల సోదరులు మళ్లీ ఏకి కొత్తగా చేసి ఇచ్చేవారు. ఇప్పుడు గుండీలు ఊడిన చొక్కాలు, రంగు పోయిన దుప్పట్లు సంచిలో కుక్కి సదఖా అంటున్నాం. మనకిస్తే కళ్లు మూసుకుని తప్ప తీసుకోని నాసి వస్తువును దానానికి ఏరవద్దని బఖరా సూరా ఆదేశిస్తోంది. ప్రీతిపాత్రమైన దానిలోంచి ఖర్చు చేయనిదే పుణ్య శిఖరాన్ని అందుకోలేమని ఆలి ఇమ్రాన్ సూరా తెలుపుతోంది. ఆ వాక్యం అవతరించగానే హజ్రత్ అబూ తల్హా (రజి) తనకు అత్యంత ఇష్టమైన బైరుహా ఖర్జూర తోటను దానం చేయబోయారు. ప్రవక్త (స) సలహాపై దాన్ని బంధువులకు పంచారు. నచ్చినదాన్ని ఉంచుకుని నచ్చనిదాన్ని వదలమంటుంది ఆ పద్ధతి. నచ్చినదాంట్లోంచే ఇవ్వమంటుంది మన ధర్మం. ఈ రెంటి దారీ ఒకటి కాదు.

మరో సంగతి. బీరువా ముందు నిలబడి సర్దుతున్నాం గానీ, అది ఎందుకు నిండిందో అడగడం లేదు. ఆడపిల్ల పదేళ్లదైనప్పటి నుంచే జహేజ్ కోసం స్టీలు సామాను కొని పెట్టెల్లో దాస్తున్నాం. కొన్ని ఇళ్లలో అప్పు చేసి మరీ కొంటున్నాం. అత్తవారింట్లో ఆ పెట్టె మూత తెరవకుండానే ఏళ్లు గడుస్తాయి. వచ్చే దారి మూయకుండా పోయే దారి వెడల్పు చేసి ఏం ప్రయోజనం?

సర్దే భారమంతా ఇల్లాలిదే అనుకోవడమూ తగదు. ముగ్గురు బిడ్డల తల్లయ్యాక ఇల్లు తీర్చిదిద్దాలన్న పట్టుదల కొంత సడలించానని మారీ కోండోయే 2023లో చెప్పింది. ప్రవక్త (స) ఇంటి పనుల్లో పాలుపంచుకునేవారని, తమ చెప్పులు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మగవారు గ్రహించవలసిన విషయమిది.

కాబట్టి కుప్ప పోసి చూసుకునే ఆ పద్ధతిని తీసుకుందాం, ప్రశ్నను మాత్రం మార్చుకుందాం. ఇది మనకు అవసరమా? మనకన్నా ఎవరికి ఎక్కువ అవసరం? మనకెవరైనా ఇస్తే సంతోషంగా తీసుకుంటామా? ఒకసారి ప్రవక్త (స) ఇంట మేకను కోసి పంచారు. ఏం మిగిలిందని ఆయన అడిగితే, భుజం ముక్క తప్ప ఏమీ మిగల్లేదని ఆయిషా (రజి) చెప్పారు. ఆ ముక్క తప్ప మిగతాదంతా మిగిలినట్టేనన్నారు ప్రవక్త (స). ఈ లెక్క మన ఇళ్లలో అమలయ్యే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.