పట్టా ఉన్న చేతికి పానా బరువా?

విజయవాడ ఆటోనగర్‌లో నేడు ఒక వింత పరిస్థితి ఉంది. డిగ్రీ పూర్తిచేసిన యువకునికి పని దొరకదు. పని తెలిసిన మేస్త్రీకి చదువుకున్న సహాయకుడు దొరకడు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. తండ్రి ఉస్తాద్, కొడుకు బీకాం.

లారీలకు బాడీ కట్టడం, టింకరింగ్, పెయింటింగ్, వైరింగ్ పనులతో మన కుటుంబాలు ఎన్నో అక్కడ బతికాయి. అయితే బండి మారింది. 2020 ఏప్రిల్ నుంచి భారత్ స్టేజ్-6 ఇంజన్లు వచ్చాయి. శబ్దం విని లోపం పట్టే మేస్త్రీ ఇప్పుడు స్కానర్ చూపే కోడ్ కూడా చదవాలి. 2017లో జీఎస్టీ వచ్చాక బిల్లులు, రిటర్నులు తప్పవు. ప్రమాదానికి గురైన బండికి బీమా ఎస్టిమేట్ రాయాలి. ఇవి చదువుకున్నవారి పనులు కావా?

ముస్లిం పట్టభద్రుల్లో నిరుద్యోగం ఇతరుల కంటే ఎక్కువని 2006లో సచార్ కమిటీ చెప్పింది. 2007లో వచ్చిన నాలుగు శాతం రిజర్వేషన్ మన పిల్లలకు కాలేజీ తలుపు తెరిచింది. కాలేజీ నుంచి పనిలోకి దారి మాత్రం ఇంకా ఇరుకుగానే ఉంది. వివక్ష లేదనీ, ప్రభుత్వాన్ని ఉద్యోగాలు అడగవద్దనీ మేము అనడం లేదు. అడుగుతూనే, చేతిలో ఉన్నదాన్ని జారవిడుచుకోవద్దంటున్నాము.

"నా కష్టం నా బిడ్డకు వద్దు" అనే తండ్రి ఆవేదన న్యాయమైనదే. కానీ బిడ్డను షెడ్డు గడప కూడా తొక్కనివ్వకపోతే, ఉస్తాద్ చెయ్యి ఆగిన రోజున షెడ్డూ మూతపడుతుంది. ఆ పని కంపెనీ సర్వీస్ సెంటర్ల పాలవుతుంది. ఇనుముతో కవచాలు చేసిన దావూద్ ప్రవక్త (అ)ను గౌరవించే మనకు చేతిపని నామోషీ ఎలా అవుతుంది?

2020-21లో రాష్ట్ర ప్రభుత్వం డిగ్రీలో పది నెలల ఇంటర్న్‌షిప్ ప్రవేశపెట్టింది. ఇలాంటి శిక్షణను సర్టిఫికెట్‌పై సంతకంతో సరిపెట్టుకోకుండా, విద్యార్థులు నిజంగా షెడ్డులో గడపాలి. 2014 సవరణతో అప్రెంటిస్ చట్టం మామూలు డిగ్రీవారికీ వర్తిస్తుంది. ముప్పైమంది కంటే తక్కువ ఉన్న చిన్న షెడ్లకు అది నిర్బంధం కాదు. అయినా నలుగురు ఉన్న షెడ్డు కూడా ముందుకు రావచ్చు. యజమానులు దీన్ని జీతంలేని చాకిరీగా మార్చకుండా నెలనెలా స్టయిపెండ్ ఇవ్వాలి.

తండ్రి పనితనం, కొడుకు చదువు కలిస్తేనే ఆ షెడ్డు నిలుస్తుంది. పెద్దలు ఆలోచించాలి.